లింక్డ్ డివైసెస్‌లో తెలీని కంప్యూటర్ ఒకటి ఉంది, మా ఆయన్ని అడగాలా వద్దా

సిక్కోలు_కుట్టుమిషన్ · సోమవారం రాత్రి 11:05
అందరికీ నమస్కారం. ఎక్కడ చెప్పుకోవాలో తెలీక ఇక్కడ రాస్తున్నాను, మా వాళ్ళెవరైనా చూస్తే గుర్తుపట్టకుండా కొన్ని మార్చి రాస్తాను. మాది సిక్కోలు (శ్రీకాకుళం) టౌనే. ఇంట్లోనే జాకెట్లు కుడతాను, మగ్గం వర్క్ కూడా, ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే. మా ఆయన పైడిభీమవరం సైడు ఒక కంపెనీలో సూపర్‌వైజరు, షిఫ్టు బస్సులో పోయి వస్తారు. పెళ్ళయి 9 ఏళ్ళు, బాబు ఒకడు.
నిన్న మా చెల్లి కూతురు నా ఫోన్‌లో ఏదో నొక్కుతూ "పెద్దమ్మా, నీ వాట్సాప్ ఇంకో కంప్యూటర్లో కూడా ఓపెనయ్యుంది" అంది. చూస్తే లింక్డ్ డివైసెస్ అని ఒక చోట గూగుల్ క్రోమ్, విండోస్ అని ఉంది. నాకు కంప్యూటర్ రాదు. మా ఇంట్లో లాప్‌టాప్ ఉన్నది ఆయనకొక్కరికే. అంటే నా మెసేజులన్నీ ఆయన చదువుతున్నారనే కదా? నా దగ్గర దాచాల్సిందేం లేదండి, కొలతలు, మా అమ్మతో కష్టసుఖాలు, అత్తగారి మీద రెండు మాటలు (ఏ కోడలు అనుకోదు). కానీ 9 ఏళ్ళు కాపురం చేసిన మనిషి నన్ను ఇలగ చూస్తున్నాడంటే అన్నం గొంతు దిగట్లేదు. మొహం మీదే అడిగీమంటారా, ఊరుకోమంటారా, నేను కూడా ఆయన ఫోన్ చూసీమంటారా?

గంటస్తంభం_గురుడు · రాత్రి 11:19
అక్కా ముందు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో. తర్వాత నిజం చెప్పు, అత్తగారి మీద రెండు మాటలేనా 😄

ముక్కుసూటి_చీపురుపల్లి · రాత్రి 11:31
దాపరికం లేనప్పుడు భయం దేనికండి. నా ఫోన్‌కి లాక్ లేదు, మా ఆవిడ ఫోన్‌కీ లేదు, ఎవరిది మోగితే ఎవరు దగ్గరుంటే వాళ్ళు ఎత్తుతాం. మొగుడూ పెళ్ళాం మధ్యన పాస్‌వర్డేటి. చదివితే చదవనీ, ఊరుకోండి.

బొబ్బిలి_వదిన · మంగళవారం ఉదయం 6:48
ముక్కుసూటి గారూ, మా ఇంట్లో కూడా లాక్ ఉండేది కాదు. మా అత్తగారికి చదువు రాదు కాబట్టి వాయిస్ మెసేజులు స్పీకర్లో పెట్టి వినేది, ఆవిడవి, నావి, ఎవరివైనా. ఒకరోజు నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను, లోపల్నుంచి మా అమ్మ గొంతు వీధికి వినపడేలాగ వచ్చింది, "ఆవిడ నిన్ను కడుపు నిండా తిననిస్తోందా లేదా" అని. తడి చీర అలాగే చేతిలో పట్టుకుని నిలబడిపోయాను. ఆ తర్వాత ఆర్నెల్ల పాటు మా అమ్మ "అంతా బాగేనా, బాగే, ఉంటాను" తప్ప ఇంకోమాట పంపలేదు. లాక్ లేని ఫోన్లో జరిగేది ఇదండి, దాపరికం పోదు, మాట పోతాది.
మా నాన్న పద్ధతి ఒకటి చెప్తాను. మా అమ్మ చోళ్ళ (రాగుల) కుండలో డబ్బులు దాచేది. ఆయనకి తెలుసు, ఊరందరికీ తెలుసు. ఎరువులకి చాలకపోతే ఆయన గుమ్మం బయటే నిలబడి "ఎక్కడైనా ఉంటే చూడు" అనేవాడు. అమ్మ లోపలికెళ్ళి తెచ్చీది. ఎంతుంది అని ఆయన అడగలేదు, ఆయన చెయ్యి ఆ కుండలో పడటం నేనైతే ఎప్పుడూ చూడలేదు.

టవర్_కింద_తమ్ముడు · ఉదయం 9:10
అక్కా నేను మొబైల్ షాపులో చేస్తాను, కాపురాల గురించి తెలీదు గానీ దీని గురించి తెలుసు. ఎవడో దూరం నుంచి నీ వాట్సాప్‌ని ఊరికే కంప్యూటర్‌కి తగిలించలేడు, నీ ఫోన్‌తో క్యూఆర్ స్కాన్ అయ్యుండాలి, లేకపోతే నీ ఫోన్‌లో ఒక కోడ్ కొట్టుండాలి. అంటే నీ ఫోన్ ఎప్పుడో ఎవరి చేతిలోనో ఉంది, లేదా నువ్వే చేసి మర్చిపోయావు. ఇంకోటి, ఫోన్ 14 రోజులు దాటి వాడకపోతే ఈ లింకులన్నీ అవే ఊడిపోతాయి, నువ్వు రోజూ వాడతావు కాబట్టి నెలల కిందట తగిలించింది కూడా అలగే ఉండిపోతాది.
ఆ పేరు మీద నొక్కు, చివరగా ఎప్పుడు వాడారో టైము చూపిస్తాది. పొద్దున్నా రాత్రీ చూసి కాగితం మీద రాసుకో. భయమేస్తే మాత్రం ఆగకు, కింద లాగౌట్ అని ఉంటాది, కొట్టీ.

ఉద్దానం_కొబ్బరి · మధ్యాహ్నం 1:26
నాను హైదరాబాద్‌లో ఉంతాను, మా ఆవిడ సోంపేట సైడు మా ఊర్లో, ఈ ఫోన్ గొడవ నాకు బాగా తెలుసు. 2014లో ఆ నీలం టిక్కులు పెట్టినప్పట్నుంచి మాకు మనశ్శాంతి లేదు, సూసినావు కదా ఏల రిప్లై ఇవ్వలేదు, ఆన్‌లైన్లో ఉన్నావు కదా ఎవుల్తో మాట్లాడినావు, డ్యూటీలో ఉన్నానే అంటే డ్యూటీలో ఆన్‌లైనేటి అని. ఆకరికి టిక్కులు ఆపీసాను, లాస్ట్ సీనూ ఆపీసాను, అప్పుడు అది ఇంకా పెద్ద గొడవైపోనాది, ఆపినావంటే ఏదో ఉందన్నమాటే అని.
మరి తిత్లీ తుపాను ఒచ్చినప్పుడు, 2018 అక్టోబర్ 11 తెల్లారుజామున పలాస దగ్గర తీరం దాటింది కదా, కరెంటు లేదు సిగ్నల్ లేదు, రెండ్రోజులు ఇంటికి ఫోన్ కలవలేదు. ఏ బస్సు దొరికితే ఆ బస్సెక్కీసి వచ్చినాను, రోడ్డు మీద చెట్లు పడిపోయున్నాయి, ఆఖరి దూరం నడిసే ఎల్లినాను. మా కొబ్బరి చెట్లు 60 పైనే పడిపోనాయి. మా ఆవిడ గుమ్మంలో కూసోనుంది, నన్ను సూసి "నువ్వొస్తావని తెలుసు" అంది, అంతే. ఫోన్ కలవని రెండ్రోజులు నన్ను నమ్మింది, కలిసిన మర్నాటి నుంచి మళ్ళీ మామూలే, ఎవుల్తో మాట్లాడినావు.

గంటస్తంభం_గురుడు · మధ్యాహ్నం 1:40
అన్నా నీది నయం. నాకు పెళ్ళి కుదిరింది, ఆ అమ్మాయి లైవ్ లొకేషన్ అడుగుతాది. 15 నిమిషాలు, గంట, 8 గంటలు, మూడే ఆప్షన్లు కదా, మనకి ఎప్పుడూ ఎనిమిదే. ఎనిమిది గంటలవ్వగానే "అయిపోయింది" అని మెసేజ్, సెలైన్ బాటిల్ మార్చినట్టు మళ్ళీ పెట్టాలి. మొన్న విజీనారంలో సిరిమాను పండక్కి జనంలో నెట్ పని చెయ్యలేదు, నేను కోట దగ్గర తోపులాటలో ఉన్నాను, మ్యాప్‌లో చుక్క మాత్రం ఎత్తు బ్రిడ్జి దగ్గర ఆగిపోయింది. "గంట నుంచి బ్రిడ్జి దగ్గర ఎవరితో ఉన్నావు" అని. సిరిమాను తిరిగేది ఎక్కడో ఊరంతటికీ తెలుసు, ఆ చుక్కకి తప్ప.

తీరం_పిల్ల · సాయంత్రం 5:15
నవ్వొచ్చింది గానీ ఒకటి చెప్పాలనిపించింది. మాది ఎచ్చెర్ల సైడు సముద్రం ఒడ్డు. మా మగాళ్ళు నెలల తరబడి గుజరాత్ వేరావల్ పోయి బోట్ల మీద పని చేస్తారు. 2018 నవంబర్లో వేటకెళ్ళిన మన శ్రీకాకుళం, విజీనారం జిల్లాల వాళ్ళని పాకిస్తాన్ వాళ్ళు పట్టుకున్నారు, గుర్తుందా? 2020 జనవరిలో 20 మందిని వాఘా బోర్డర్ దగ్గర అప్పజెప్పారు. అంటే 13 నెలల పైనే. ఫోన్ లేదు. ఎప్పుడో ఒక ఉత్తరం. మా వీధిలో ఒకావిడ వచ్చిన ఉత్తరాన్ని పట్టుకుని ఇంటింటికీ తిరిగి చదివించుకునీది, చదివిన ప్రతివాళ్ళూ అదే చదువుతారు కదా, అయినా మళ్ళీ ఇంకో ఇంటికి ఎల్లీది. ఇప్పుడు ఆయన ఊర్లోనే ఉన్నాడు. మొన్న ఆవిడే మా ఇంటికొచ్చి "ఫోన్‌లో ఈయన ఎవరితో మాట్లాడతాడో ఎలా చూడాలమ్మా" అని అడిగింది, నాకేం చెప్పాలో తోచలేదు.

ముక్కుసూటి_చీపురుపల్లి · సాయంత్రం 5:50
కథలు బాగున్నాయి. ఆవిడ ప్రశ్నకి జవాబెవరూ చెప్పలేదు.

సిక్కోలు_కుట్టుమిషన్ · బుధవారం రాత్రి 10:20
తమ్ముడు చెప్పినట్టు టైములు రాసాను. సోమవారం రాత్రి 8:47. మంగళవారం పొద్దున్న 10:12, రాత్రి 8:55. ఈ రోజు పొద్దున్న 10:20.
కానీ ఇంకో పని చేసీసాను, ఎవరూ తిట్టకండి. ఈ వారం ఆయనకి బీ షిఫ్టు, మధ్యాహ్నం వెళ్తే ఇంటికొచ్చీసరికి పదకొండు దాటిపోతాది, తిని పడుకుంటే ఒళ్ళు తెలీదు. నిన్న రాత్రి రెండింటికి ఆయన బొటనవేలు పట్టుకుని ఫోన్ మీద పెట్టాను. చెయ్యి వణికింది, జాకెట్‌కి హుక్కులు కుట్టే చెయ్యి ఇది, ఎప్పుడూ వణకదు. తెరుచుకుంది. ఆడవాళ్ళ గొడవ ఏదో ఉంటాదనుకున్నాను, అలాంటిదేం లేదు. పైన ఉన్నది మా ఆడపడుచు చాట్, నరసన్నపేటలో ఇచ్చాం. ఎనిమిది నెలల నుంచి ప్రతి నెలా 3000 పంపుతున్నారు ఆవిడకి. వాళ్ళాయన షాపు మూసీసారంట, నాకు తెలీనే తెలీదు. ఆవిడ రాసింది, "వదినకి చెప్పకు అన్నయ్యా". ఈయన "సరే" అన్నారు.
డబ్బు గురించి కాదండి. అడిగితే నేనే ఇచ్చీదాన్ని. ఆ "సరే" అన్న మాట పొద్దున్నుంచీ మిషన్ తొక్కుతుంటే చెవిలో తిరుగుతోంది.

ముక్కుసూటి_చీపురుపల్లి · రాత్రి 10:41
ఇప్పుడు ఎవరు ఎవరి ఫోన్ చూసినట్టు?

బొబ్బిలి_వదిన · రాత్రి 10:44
పుండు మీద కారం చల్లకండి.

కోర్టు_మెట్లు_విజీనారం · రాత్రి 11:30
నేను ఫ్యామిలీ కేసులు చూసే అడ్వకేటుని. చెల్లీ, నీ విషయం కోర్టు దాకా వచ్చేది కాదు, అయినా చాలామంది అడుగుతున్నారు కాబట్టి చెప్తాను. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల బెంచి గోప్యత ప్రాథమిక హక్కు అంది. పెళ్ళయితే ఆ హక్కు పోతుందని ఎక్కడా లేదు. అనుమతి లేకుండా ఇంకొకరి ఫోన్లోకి దూరి సమాచారం లాగితే ఐటీ చట్టం 43, 66 సెక్షన్లు ఉన్నాయి, మూడేళ్ళ దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. ఇది ఒక పక్క. ఇంకో పక్క 2025 జూలై 14న అదే సుప్రీంకోర్టు, భార్యాభర్తల్లో ఒకరికి తెలీకుండా ఇంకొకరు రికార్డు చేసిన ఫోన్ మాటల్ని విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చు అంది, కుదరదన్న పంజాబ్ హర్యానా హైకోర్టు తీర్పుని కొట్టేసి. ఒకరి మీద ఒకరు నిఘా పెట్టుకునేదాకా వచ్చారంటే ఆ కాపురం అప్పటికే దెబ్బతిన్నట్టు లెక్క అన్న అర్థంలో కూడా రాసారు అందులో.
ఆ తీర్పు వచ్చిన దగ్గర్నుంచి నా దగ్గరకి వచ్చేవాళ్ళు కథ చెప్పరు, పెన్‌డ్రైవ్ ఇస్తారు. వింటే ఏముంటాది, కూరలో ఉప్పు, పుట్టింటి ప్రయాణం, పిల్లాడి ఫీజు. ఆ గొంతులు విన్నప్పుడల్లా అనుకుంటాను, రికార్డు చేస్తున్న మనిషి ఆ రోజు ఎంత జాగ్రత్తగా, ఎంత నెమ్మదిగా మాట్లాడుతుందో, రోజూ అలాగే మాట్లాడుంటే నా ఆఫీసు మెట్లు ఎక్కక్కర్లేదని.

టవర్_కింద_తమ్ముడు · గురువారం ఉదయం 8:02
అక్కా ఒక్క నిమిషం. టైములు మళ్ళీ చూసాను. పొద్దున్న 10:12, 10:20. అప్పుడు బావగారు ఎక్కడున్నారు?

సిక్కోలు_కుట్టుమిషన్ · ఉదయం 8:30
ఇంట్లోనే. పడుకునే ఉన్నారు. లాప్‌టాప్ బ్యాగు మంచం కింద.

టవర్_కింద_తమ్ముడు · ఉదయం 8:33
మరింకేటి. అది బావగారి లాప్‌టాప్ కాదు. పొద్దున్న పదింటికి తెరిచి రాత్రి తొమ్మిది లోపు మూసీది ఏటి? షాపు. నువ్వు ఎప్పుడైనా నెట్ సెంటర్లో వాట్సాప్ నుంచి ప్రింట్ తీయించావా?

సిక్కోలు_కుట్టుమిషన్ · ఉదయం 8:51
ఓలమ్మో.
జూన్లో. బాబుకి స్కూల్లో బర్త్ సర్టిఫికెట్, ఆధార్ జిరాక్స్ అడిగితే మా వీధి చివర షాపులో తీయించాను. ఫోన్ ఇటివ్వండి అక్కా అని అతనే స్కాన్ చేసి ప్రింట్ తీసాడు, వేలు పెట్టమంటే పెట్టాను. పది రూపాయలు ఇచ్చి వచ్చీసాను.

గంటస్తంభం_గురుడు · ఉదయం 8:55
పది రూపాయల జిరాక్సు కాపురం మీదకి తెచ్చింది గదే అక్కా

సిక్కోలు_కుట్టుమిషన్ · మధ్యాహ్నం 12:40
ఇప్పుడే వెళ్ళొచ్చాను. రెండు కంప్యూటర్లున్నాయి, స్కానింగ్‌కి వాడే పాతదాంట్లో నాది అలాగే తెరిచే ఉంది. ఆ అబ్బాయి నాలిక కరుచుకుని "అక్కా నేను చూడలేదు, దేవుడి తోడు" అన్నాడు. చూసాడో లేదో నాకెలా తెలుస్తాది. నా ఎదురుగానే తీయించాను. భయమంతా ఇప్పుడు పట్టుకుంది. నాకు ఆడవాళ్ళు ఫిటింగ్ చూడమని ఫొటోలు పెడతారు, వెనక డిజైన్, మెడ, చేతులు. వాళ్ళు నన్ను నమ్మి పెట్టినవి నాలుగు నెలలు ఒక షాపు బల్ల మీద ఉన్నాయి. నా మొగుడు చూసాడేమోనని ఏడ్చాను గానీ ఇది తట్టలేదు.

తీరం_పిల్ల · మధ్యాహ్నం 1:05
వాళ్ళకి చెప్పీ అక్కా. దాచకు.

రాజాం_మాస్టారు · సాయంత్రం 4:30
అమ్మా, నేను రిటైరయిన టీచర్ని, ఆలస్యంగా చూసాను. నాలుగు నెలల కింద నాకు కొత్త నెంబర్ నుంచి ఫోన్, మా తమ్ముడి కొడుకు గొంతే, అచ్చం వాడే, పెదనాన్నా యాక్సిడెంట్ అయింది 40 వేలు పంపు అని. నా చెయ్యి ఫోన్‌పే దాకా వెళ్ళింది. ఎందుకో "మీ నాయనమ్మ నిన్ను ఏమని పిలిచీదిరా" అన్నాను. అవతల పెట్టీసాడు. మా అమ్మ వాడిని గుమ్మడికాయా అనీది, చిన్నప్పుడు బొద్దుగా ఉండీవాడు, అది ఏ ఫోన్లోనూ లేదు. సైబర్ మోసాల నెంబర్ 1930కి ఫోన్ చేసి చెప్పాను, డబ్బు పోకపోయినా ఆ నెంబర్ రాయించాను.
ఇది ఇక్కడికి సంబంధం లేదనుకోకు. ఫోన్‌లో ఉన్న మాట వేరు, ఇంట్లో వాడిన మాట వేరు. నీ ఆడపడుచు "వదినకి చెప్పకు" అని రాసింది, అది ఫోన్‌లో చూసావు. ఎందుకు రాసింది అన్నది అందులో ఉండదు. ఎందుకమ్మా?

సిక్కోలు_కుట్టుమిషన్ · రాత్రి 11:48
మాస్టారూ మీ ప్రశ్నకి సాయంత్రం నుంచి జవాబు రాసి తుడిచీసి రాస్తున్నాను.
నాలుగేళ్ళ కింద ఆవిడకి 20 వేలు అవసరమైతే ఇచ్చాం. తిరిగివ్వడం ఆలస్యమైంది. మా తోటికోడలి కూతురి ఓణీల ఫంక్షన్లో అందరూ బంతిలో కూర్చున్నారు, ఆవిడ కొత్త చీర కట్టుకొచ్చింది. నేను వడ్డిస్తూ "చీరలకి డబ్బులుంటాయి గానీ అప్పు తీర్చడానికి ఉండవు" అన్నాను. నవ్వుతూనే అన్నాను. పది మంది నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది, విస్తరిలో అన్నం అలాగే వదిలీసి లేచిపోయింది. నెల తిరక్కుండా డబ్బు తెచ్చి బల్ల మీద పెట్టీసింది. ఆ తర్వాత మా ఇంటికి వచ్చిందా అంటే వచ్చింది, పండక్కి. రాత్రి ఉండలేదు ఎప్పుడూ.
ఇది నేను మర్చిపోయాననే అనుకున్నాను.

బొబ్బిలి_వదిన · శుక్రవారం ఉదయం 6:30
ఇంత చెప్పడానికి గుండె కావాలి చెల్లీ. నేనూ అన్నాను ఇలాంటివి, ఎక్కడ అన్నానో చెప్పను.

ముక్కుసూటి_చీపురుపల్లి · ఉదయం 7:15
సరే నేను కూడా ఒకటి ఒప్పుకుంటాను. లాక్ లేదని చెప్పాను కదా. రాత్రి మా ఆవిడకి ఈ చర్చంతా చదివి వినిపించాను. "మీ ఫోన్‌కి లాక్ లేదు, అందుకే నా చిన్ననాటి ఫ్రెండు మీ ఫోన్‌కే గుడ్ మార్నింగులు పెడుతోంది, నాకు పెట్టమని నేనే చెప్పలేదు" అంది. ఏటి అర్థమో ఇంకా తేలలేదు.

సిక్కోలు_కుట్టుమిషన్ · ఆదివారం రాత్రి 9:35
ఆఖరుగా చెప్తాను. నేను ఆయన ఫోన్ చూసిన సంగతి ఆయనకి మర్నాడే తెలిసిపోయిందంట. ఆ రాత్రి పన్నెండు దాటాక మా ఆడపడుచు ఒక మెసేజ్ పెట్టింది, నేను చాట్ తెరవగానే నీలం టిక్కులు పడ్డాయి. పొద్దున్నే ఆవిడ ఫోన్ చేసి "రాత్రి 2:06కి చదివావు, నిద్ర పట్టలేదా అన్నయ్యా" అంది. ఈయనకి అర్థమైపోయింది. మూడు రోజులు నాతో అనలేదు, నేనే చెప్తానేమోనని చూసారంట. శుక్రవారం రాత్రి అన్నం పెడుతూ చెప్పాను, జిరాక్సు షాపు దగ్గర్నుంచి అంతా. తినడం ఆపలేదు. "నాకు కోపం నువ్వు చూసినందుకు కాదు, నిద్రలో నా వేలు పట్టుకున్నందుకు" అన్నారు. దానికి నా దగ్గర మాట లేదు. ఆయన "సరే" గురించి అడిగితే "నీకు చెప్తే నువ్వు ఇస్తావని తెలుసు, మళ్ళీ ఎప్పుడో అంటావనీ తెలుసు" అన్నారు. దానికీ మాట లేదు.
కస్టమర్లకి కూడా చెప్పాను, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి. ఇద్దరు ఫొటోలు మొత్తం తీసీమన్నారు, ఒకావిడ ఇంక కుట్టించనంది. మిగిలిన వాళ్ళకి ఇక నుంచి జాకెట్ తెచ్చి ఇంట్లోనే చూపించమన్నాను.
ఈ రోజు బాబుని తీసుకుని నరసన్నపేట వెళ్ళాను. ముందు మెసేజ్ పెట్టలేదు, పెడితే ఏం రాయాలో తెలీలేదు. ఆవిడ తలుపు తీసి నా మొహం చూసి, వెనక ఇంకెవరైనా ఉన్నారా అని చూసింది. కూర్చోమంది. ఫంక్షన్ మాట నేను ఎత్తీలోపే "అది వదిలీ వదినా" అని వంటింట్లోకి పోయింది, చాలాసేపు రాలేదు. నేను లేచి వెనకాలే వెళ్ళాను. అంతకన్నా ఇక్కడ రాయను.

గంటస్తంభం_గురుడు · రాత్రి 9:50
రాయకు అక్కా. రాత్రి అక్కడే ఉన్నావా, వచ్చీసావా?

సిక్కోలు_కుట్టుమిషన్ · రాత్రి 9:52
అక్కడే. బాబు వాళ్ళ పిల్లలతో పడుకున్నాడు. చార్జింగ్ రెండు శాతం ఉంది, ఇక్కడ నా ఫోన్‌కి పట్టే పిన్ను లేదు, ఉంటాను.